పరిశీలనలో ఉంది

మొదటిసారి ఓడినప్పుడు డారియో మెనెగెల్లోకి
ముప్పై తొమ్మిదేళ్ళు, స్కూలు బస్సు, ఒక తెల్ల చొక్కా.
రెండోసారి ఓడినప్పుడు అదే చొక్కా.
మూడోసారి అరవై ఒక్క ఓట్లతో గట్టెక్కాడు.
ఆ అరవై ఒక్కరూ తామేనని
ఇంగమ్‌లో ఆరొందల మంది చెప్పుకున్నారు.

నేను ఆయన ఆఫీసులో ఫోనెత్తేదాన్ని,
మాంసం కొట్టుకీ పందేల దుకాణానికీ మధ్య గది.
నీలవేణి అనడానికి నోరు తిరగక నీల్ అన్నాడు.
"డియర్ మిస్టర్ నీల్" అంటూ బ్రిస్బేన్ నించి జవాబులొచ్చేవి.
దిద్దలేదు. మిస్టర్ నీల్‌కి పనులు త్వరగా అయ్యేవి.

మిల్లు తిరిగే నెలల్లో ఊరంతా పాకం వాసన.
జనం వచ్చేవారు: కంచె, కుక్క, పింఛను,
గబ్బిలాలు మళ్ళీ పార్కు చెట్లెక్కాయని
ఒకావిడ రోజూ.
ఆయన లేచి కుర్చీ జరిపేవాడు. వినేవాడు.
వినడమే తన పని అనుకున్నంత కాలం
బాగానే ఉన్నాడు.

ఏడో ఏట కబురొచ్చింది: రోడ్ల శాఖ సహాయ మంత్రి.
మా భాషలో ఆ పదవి పేరులోనే
సహాయం ఉందని చెప్పాను.
"ఎవరికి? జనానికా, మంత్రికా?"
మా వ్యాకరణం ఆ సంగతి చెప్పదన్నాను.

కారొచ్చింది. కారుకో డ్రైవరొచ్చాడు.
ఇరవై ఏళ్ళు బస్సు నడిపినవాడికి
వెనక సీట్లో చేతులెక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.
ఫోటోల్లో ఎడమ చివర, సగం భుజం.
రిబ్బను పట్టుకునేవాడు, కత్తెర వేరేవాళ్ళది.
ఆటలో అరటిపండు అంటారు మా వైపు.
ఆ ఒక్క మాటా ఆయనకి అనువదించలేదు.

బొర్గేటి వాగు మీద వంతెన ఫైలు
ఆయన బల్ల మీదికి నాలుగుసార్లొచ్చింది.
అదే వాగు: వానాకాలంలో బస్సాపి, దిగి,
కర్ర ముంచి లోతు చూసిన వాగు.
నాలుగుసార్లూ పై గదికి పంపాడు.
నాలుగుసార్లూ డబ్బు దక్షిణానికే పారింది,
నీళ్ళు మాత్రం మా వైపు.
ఊరికేం చెప్పమంటారని అడిగితే
కిటికీ కేసి చూస్తూ
"నువ్వే ఏదో ఒకటి రాయి, నీల్" అన్నాడు.
రాశాను:
మీ వినతి మా దృష్టికి వచ్చినది, ప్రస్తుతం
పరిశీలనలో ఉన్నది, మీ ఓపికకు కృతజ్ఞతలు.
నూట పన్నెండు ఉత్తరాలు. నూట పన్నెండు సంతకాలు.
మధ్యలో పెన్ను ఒకసారి మార్చాడు, అంతే.

పదిహేడు నెలలు. ఆ తరవాత ఎన్నికలు.
రెండొందల పద్నాలుగు ఓట్లు, ఈసారి అటు.
వాగవతలి బూత్‌లో అందరూ ఆయన బస్సెక్కి
అక్షరాలు నేర్చినవాళ్ళే.
మొహం చూసి నవ్వారు,
కాగితం మీద ఒకటి అంకె పక్క గడిలో వేశారు.

తలుపు మీది పేరు గోరుతో గీకి తీశాను.
చివరి మూడక్షరాలు రాలేదు.

ఇప్పుడు మళ్ళీ పద్దెనిమిదో నంబరు బస్సు.
నేను మిల్లులో లెక్కలు రాస్తున్నాను.
మార్చిలో ఒక పొద్దున గేటు దగ్గర ఆపి
కిటికీలోంచి కవరందించాడు.
వాగు గురించి తనే అర్జీ పెట్టాడట, డ్రైవరు హోదాలో.
జవాబొచ్చింది, కొత్త సహాయ మంత్రి సంతకంతో.
"చదువు" అన్నాడు.
చదవక్కర్లేకపోయింది.
కామా కూడా మార్చలేదు.

ఆయన భుజాలు కదిలేలా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
టైమైపోతోందని వెనక సీట్లోంచి
ఎవడో పిల్లాడు అరిచాడు.
వైపర్లు వేసుకుని వెళ్ళిపోయాడు.

డ్రైవరు సీటు పక్కన, గొడుగుండాల్సిన చోట
ఆ పాత కర్ర కనిపించింది.
దాని మీద చాకుతో గీసిన మూడు గుర్తులు:
మోకాలు,
నడుము,
వెనక్కి తిప్పు.