మామూలు అరుగుదల

స్వాన్సీలో, సముద్రం వైపు జారే వీధిలో
నలభై రెండో నంబరు ఇల్లు.
నా పని చిన్నది:
ఖాళీ అయిన గదుల్ని చదివి రాయడం.
గోడలకు చెవులుంటాయి గానీ నోరుండదు,
అందుకే నాకు జీతమిస్తారు.

హాలు. తలుపు దగ్గర తివాచీ అరిగింది.
నాలుగేళ్లు, రెండు జతల బూట్లు, ఒక మూడు చక్రాల సైకిలు.
రాశాను: మామూలు అరుగుదల.

వంటగది. పొయ్యి చుట్టూ జిడ్డు.
రాశాను: తుడవలేదు, అద్దెవాళ్ల బాధ్యత.
"రాత్రి డ్యూటీ నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చాను"
అంది టెగ్వెన్,
నాతో కాదు, పొయ్యితో.

బెల్లు మోగింది.
తన ఇంటికి తనే బెల్లు కొట్టి
లోపలికి పిలిచేదాకా మెట్టు మీదే నిలబడింది
నెరిస్ ప్రోథరో.

వెనక పడగ్గది. బీరువా జరిపాను.
నడుమెత్తు దాకా నల్లటి బూజు.
తేమ మీటరు కీచుమంది.
"తడిబట్టలు గదిలోనే ఆరేస్తే గోడేం చేస్తుంది?"
"ఆ కిటికీ తెరుచుకుంటేగా! మూడు ఉత్తరాలు రాశాను."
మూడూ ఉన్నాయి, తేదీలతో సహా.
జవాబూ ఒకటుంది:
మా ఆయన ఆస్పత్రిలో ఉన్నారు, వచ్చే నెల చూద్దాం.
ఆ వచ్చే నెల రాలేదు.
ఆయనా రాలేదు.

దానికి నా ఫారంలో గడి లేదు.
పిల్లాడి మంచం ఆ గోడకే ఆనించి ఉండేదన్న దానికీ లేదు.

ఇల్లు కట్టి చూడు అన్నారు.
అద్దెకిచ్చి చూడమనలేదు, అద్దెకుండి చూడమనలేదు,
ఆ ఇద్దరి మధ్య
పెన్ను పట్టుకుని నిలబడి చూడమని
ఎవరూ అనలేదు.

అడ్వాన్సు ఏడువందల పౌండ్లు.
ఒకామె లెక్కలో అది పైకప్పు పెంకులు,
ఇంకొకామె లెక్కలో రేపటి ఇంటి తాళంచెవి.
నేను విడగొట్టకముందే
అది రెండుసార్లు ఖర్చైపోయింది.

గోడ: యజమాని బాధ్యత.
పొయ్యి: నలభై పౌండ్ల కోత.
ఇద్దరూ సంతకం పెట్టారు,
ఇద్దరూ నన్ను ఒకేలా చూశారు.
న్యాయం జరిగిందనడానికి
నా దగ్గరున్న రుజువు అదొక్కటే.

రాత్రి నా స్నానాలగదిలో,
గొట్టం వెనక, రూపాయంత నల్లమచ్చ.
తేదీ పడేలా ఫొటో తీశాను.
ఉత్తరం మొదలుపెట్టాను, "అయ్యా" దగ్గర ఆగాను.

నా లీజు ముగిసేది
వచ్చే నెల.