లెటర్‌ప్యాడ్

ముప్పయ్యేళ్ళు ఉత్తరాలన్నీ నేనే రాశాను.
ఆకుపచ్చ సిరా సంతకం ఒక్కటే ఆయనది.
"వీరు నాకు బాగా తెలిసినవారు"
తెలియనివాళ్ళకీ అదే వాక్యం.

కనిగిరి బస్టాండు ఎదురు మేడమీద గది,
తెల్లారకముందే మెట్లనిండా చెప్పులు.
బదిలీ కోసం పామూరు పంతులు,
ఆస్పత్రిలో మంచం కోసం హనుమంతునిపాడు నుంచి ఒకామె,
బోరు లోనుకు ఇంకొకడు.
కోటిలింగం గారు కాగితం చదివేవారు కాదు,
మనిషి మొహం చూసి సంతకం పెట్టేవారు.

అయిదుసార్లు గెలిచారు.
మొదటిసారి సభలో లేచి నీళ్ళ గురించే అడిగారు.
మా పిల్లల పళ్ళు చూడండి, మా మోకాళ్ళు చూడండి, అని.
"పరిశీలనలో ఉంది" అన్నారు మంత్రి.
అయిదోసారీ అదే ప్రశ్న.
అప్పటికి మంత్రి తొమ్మిదోవాడు,
జవాబు మాత్రం పాతకాపు.
నడుమ పార్టీ మారింది, కారు మారింది,
మా ఆఫీసులోకి క్యాను నీళ్ళొచ్చాయి.
ఆ సంగతి నేనెక్కడా రాయలేదు.

పోయినసారి ఓడిపోయారు.
మెట్లమీద ఇప్పుడు మా ఇద్దరి చెప్పులే.

నిన్న వెలిగండ్ల నుంచి అంకమ్మ వచ్చింది,
మెట్టుమెట్టుకీ చెయ్యి ఆనించి.
వేలిముద్ర పడక పెన్షను ఆగిందట.
"అయ్యగారు ఓడిపోయారమ్మా" అన్నాను.
"తెలుసులే, నేనూ ఎయ్యలా. రాయి నాయనా."

పాత ప్యాడ్లు ఇంకా రెండు కట్టలున్నాయి.
రాశాను: వీరు నాకు బాగా తెలిసినవారు.
ఆయన కళ్ళజోడు తుడుచుకుని
మొట్టమొదటిసారి ఉత్తరం ఆసాంతం చదివారు.
శాసనసభ్యులుకి ముందు చోటు వెతికి
"మాజీ" అని ఇరికించారు.

ఆమెను మెట్లు దింపుదామని లేవబోయారు గానీ
ఆయన మోకాళ్ళూ కనిగిరివే.