కొలతకో మనిషి

తూకానికి కొన్న పాత కాగితాలల్ల దొరికిందా బొమ్మ.
కొల్లాపురంల మిర్చిబజ్జీల బండికి పోవాల్సింది,
రూపాయిచ్చి గుంజుకున్న.

రోము దిక్కుది కావచ్చు. పేరున్న మూల చినిగింది.
సగం ఆకాశం. మిగతా సగం విరిగిన కమాను,
పగులుల మొలిచిన చెట్టు,
ఎండకు తేనెరంగు తిరిగిన స్తంభాలు.
డ్రాయింగు లోయరు పరీక్షప్పుడు మా సారు చెప్పిండు:
ఆ దిక్కు చిత్రకారులు కొందరు
ఒక ఊరి గుడినీ ఇంకో ఊరి బురుజునీ తెచ్చి
ఒక్క మైదానంల కూలగొట్టెటోళ్లట.
కూలినవి చాలక, నిలబడ్డవాటిని గూడ
కూలినట్టు గీసెటోళ్లట.

కమాను కింద చీమంత ఆడమనిషి, బట్టలు పిండుతున్నది.
పక్కన మేకలు.
ముఖం లేదు, రెండు చుక్కల రంగు, అంతే.
"అది మనిషి కాదురా, కొలత" అన్నడు సారు.
"ఆమె లేకుంటే స్తంభం ఎత్తు ఎట్ల తెలుస్తది?"

మే నెల. కృష్ణ వెనక్కి పోయింది.
నెర్రెలు బారిన ఒండ్రు మీద
మునిగిన ఊరు మోకాలెత్తు లేచింది:
పునాదిరాళ్లు, ఒక రోలు,
సున్నం ఇంకా ఊడని అరుగు, నత్తగుల్లలు.
అట్టా పెన్సిలూ పట్టుకొని కూసున్న.
నాకూ ఓ కొలత కావాలె.

మేకలు తోలుకుంట ఈదమ్మ వచ్చింది.
నిలబడమంటే నిలబడ్డది.
బొమ్మ చూపిస్తే చానాసేపు చూసి అడిగింది:
"ఈళ్లకు పైసలొచ్చినయా?"
ఎవరికి?
"గీ ఇండ్లోళ్లకు. గోడకింత, దూలానికింత అని
టేపు వట్టి రాసుకపోలే?
మాకు చింతచెట్టుకు గూడ లెక్కగట్టిన్రు.
బాయికే కట్టలే, ఎండిందన్నరు.
ఇప్పుడు సూడు, ఎన్ని నీళ్లో."

నేను జవాబు ఎతుకుతుంటే
మేకపిల్ల ఒకటి రాళ్ల నడుమ దూరింది.
దాన్ని తెచ్చేతందుకు పోయిన ఈదమ్మ
రెండు పునాదుల సందుల ఆగి
తల వంచి లోపలికి అడుగేసింది.

అక్కడ దర్వాజ లేదు.
నలభై ఏండ్ల కిందనే పీకి
బండి మీదేసుకొని పోయిన్రు.
నెత్తి మీద ఎండ తప్ప ఏం లేదు.
అయినా మెడ వంగింది.
బయటికొస్తుంటే ఇంకోసారి.

చినిగిన బొమ్మ మళ్లా తీసి చూసిన.
అంత పెద్ద కమాను కింద
వంగినామె బట్టల కోసమే వంగింది.

గోడలు చెరిపేసిన. ఈదమ్మను గీసిన,
కాగితం పట్టనంత.
తల మీద జానెడు జాగ ఉత్తగ వదిలిపెట్టిన.
"గింత పెద్దగెందుకు?" అన్నది.
"మేకలేడబాయె?"

జూరాల గేట్లు ఇంకా ఎత్తలేదు.