వినడానికయ్యే ఖర్చు

కాస్ట్రో రేవులో కొయ్యకాళ్ళ మీద నిలబడ్డ నా కొట్లోకి
గొడుగు ముడవకుండానే వచ్చింది ఎదెల్మిరా.
ఉన్ని శాలువా, ఆల్చిప్పల వాసన,
తడిసిన కాగితం మీద గీసుకొచ్చిన పటం:
ఇటు తన వంటిల్లు, అటు దీవిలో చెల్లెలు ఒర్తెన్సియా వంటిల్లు,
మధ్య నాలుగు కిలోమీటర్ల ఉప్పునీళ్ళు.

"పొద్దున్నే నేను పొయ్యి రాజేస్తే
అక్కడొక బల్బు వెలగాలి. అంతే.
ఫోను మాటెత్తకు. ఆ దీవికి సిగ్నల్ లేదు,
ఉన్నా నేను చెయ్యను."

సొరుగు లాగి బల్ల మీద పరిచాను.
మొదటిది బొటనవేలంత, రెండు పాయింట్ నాలుగు గిగాహెర్ట్జ్.
వాగుడుకాయ. క్షణంలో లక్ష మాటలు ఒలకబోస్తుంది.
మావాడి బొమ్మ కారుకి బ్రహ్మాండంగా పనిచేసింది గానీ
పడవ అడ్డొస్తే చాలు, నోరు పడిపోతుంది.

"నా దగ్గర లక్ష మాటల్లేవు," అందామె.

తర్వాత నాలుగొందల ముప్పై మూడు. చవక జంట.
ఒకటి అరుస్తుంది, ఒకటి వింటుంది.
గేటుకనీ, కోళ్ళగూటి తలుపుకనీ పట్టుకెళ్తుంటారు.
గోడ దాటుతుంది, పెరడు దాటుతుంది,
ఇంత సముద్రమంటే మాత్రం నేను పూచీ పడను.

ఆమెకి అదే నచ్చింది.
"అరిచేది నాకివ్వు. వినేది దానికి.
అట్నుంచి జవాబు రాకూడదు."
పదకొండేళ్ళయిందట. నాన్న పడవ అమ్మేసినప్పటి మాట.
అంతకు మించి నేనడగలేదు,
రేకుల మీద వాన నన్ను అడగనివ్వలేదు.

అట్టడుగు సొరుగులోంచి లోరా తీశాను.
నత్త ఇది. ఒక్క అక్షరాన్ని ఈలలా సాగదీసి సాగదీసి పలుకుతుంది.
ఎంత హోరులోనైనా అవతలిది గుర్తుపడుతుంది,
రేవు గోలలో మనవాళ్ళ ఈల మన చెవికే అందినట్టు.
"ఇదైతే దాటుతుంది. కాకపోతే రెండూ పలుకుతాయి, రెండూ వింటాయి.
వేరే మార్గం లేదు."
చివరి మాట అబద్ధం.
వినడం మానెయ్యమని రెండు వరసల్లో రాయొచ్చు దానికి.
రాయలేదు.
రెండింటికీ చెరో బల్బు అతికించాను, ఒకదానికే డబ్బు తీసుకున్నాను.

రాగి తీగ కొలిచి కత్తిరించాను,
పదిహేడు సెంటీమీటర్లు, పైన ఇంకాస్త.
"కిటికీకి నిలువుగా కట్టు. అక్కడా నిలువుగానే.
ఒకటి నిలబడి ఒకటి పడుకుంటే
దగ్గరున్నా సరిగా వినపడదు."
చురుక్కున చూసింది.
నేను తీగ గురించే అన్నాను.

ఆగస్టు చలిలో మళ్ళీ వచ్చింది, గొడుగు లేదు, కోపం ఉంది.
వారం తిరక్కుండా బ్యాటరీ చచ్చిపోతోందట.
రోజుకొక్కసారి పలికేదానికి ఇంత తిండా?

"పలకడం రెప్పపాటమ్మా," అన్నాను.
"మిగతా పగలూ రాత్రీ
చెవి రిక్కించుకుని కూర్చుంటుంది. ఖర్చంతా దానికే."

బల్ల మీది స్క్రూలు ఏరి వరసలో పెట్టింది చాలాసేపు.
"మొన్న నాలుగింటికి, నేనింకా పక్క దిగకముందే
నా వంటింట్లో బల్బు వెలిగింది."

పెద్ద బ్యాటరీ ఎంతని అడిగింది.
చెప్పాను.
గట్టిగా బేరమాడింది.