పదిహేడో టోకెను

మూసాపేట క్లినిక్కుల పదిహేడో టోకెను.
"నడుముకు ఎమ్మారై రాయుండ్రి మేడం,
పైసలు తెచ్చిన" అన్న.
చిట్టీ ఎత్తిన కట్ట,
రబ్బరుబ్యాండు ఇంకా తియ్యలే.

నుస్రత్ డాక్టరమ్మ పెన్నుకు మూత పెట్టింది.
"తీస్తే ఏం కనపడతదని నీ భయం?"

ఇరవై రెండేండ్లు మిషను మీద వంగిన నడుము
ఆ మాటకు నిటారుగ కూసుంది.
మా బామ్మర్ది సోమేశుకు గిట్లనే మొదలైందన్న.
గడ్డ అన్లే.
ఆమెకు ఇనపడ్డది.

కాలు లేపి చూసింది, అరికాలు గీకింది,
రాత్రి నొప్పికి మెలకువొస్తదా అనడిగింది.
"ఇప్పుడైతే వద్దు. ఆరు వారాలు చూద్దాం.
కాలు మొద్దుబారితే మాత్రం తెల్లారేదాక ఆగకు."

బయట మెట్రో పిల్లరుకు బోర్డు:
ఒళ్లంతా పరీక్షలు, సగం ధరకే.
నిలబడి రెండుసార్లు చదివిన.
టోకెను బిళ్ల
వాపసియ్యకుండనే వచ్చిన,
పిడికిట్ల ఎచ్చగుంది.