సుద్దగుట్ట చుట్టు

పొద్దున ఆరున్నరకు సబ్‌సెంటర్ తాళం తీసి
నీలం డబ్బాల ఐసు పేర్చిన.
సిరోంచ నుంచి సీసాలు జీపుల వచ్చినయి,
సుద్దముక్కలు రాలేదు.
ఇంటింటి గోడకు గుర్తు పెట్టాలె:
పిల్లలందరికి చుక్కలు పడితే ‘పి’,
ఒక్కడు మిగిలినా ‘ఇంటూ’.
“గుట్ట మీద దొరుకుతది పా, నర్సక్కా”
అన్నడు పుంగాటి జూరు, డబ్బా బుజానికెత్తుకొని.

మా తొవ్వ గుండ్రంగుంటది.
గుట్టను ఎడమ చేతి దిక్కు పెట్టుకొని నడుస్తే
నాలుగు గూడేలు తిరిగి
మల్ల ఇదే తాళం కాడికొస్తం.
పదకొండు మైళ్లని పాత రిజిస్టర్ల రాసుంది.
నా కాళ్లు ఒప్పుకోవు.

మొదటి గూడెం దాటినంక మొద్దులు.
బెరడు ఉంది, కొమ్మ విరిగిన కన్ను ఉంది,
కట్టె ఒక్కటే లేదు, అంతా రాయి.
జూరు తాత తెలువక కొడితే
నిప్పురవ్వ లేచి గొడ్డలే మొండివోయిందట.
నేను దాని మీదనే కూసొని చెప్పుల ఇసుక దులుపుకున్న.
ఎన్నేండ్లదో అంటే
“మా తాత పుట్టకముందుది” అన్నడు.
ఆపైన లెక్క ఇద్దరికీ రాదు.

రెండో గూడెం కాడ మల్లుబాయి కలిసింది,
వల బుజానేసుకొని ప్రాణహితకు పోతున్న బెస్తామె.
గుట్ట మెడ మీద తెల్లరాయి
పలకలు పలకలుగ లేస్తది.
సుద్దకోసమని ఒక పలక తిప్పిన.
చేప.
జానెడు. నోరు తెరిచి.

మల్లుబాయి కొంగు దోపుకొని వంగింది,
సంతల బేరానికి వంగినట్టే.
“కొర్రమట్ట గాదు, జెల్ల గాదు. పొలుసు జూడు,
పెంకులు కప్పినట్టుంది. కత్తి దిగదు దీనికి.
నూనె దండుగ.”
జరసేపాగి, మెల్లగ,
“ఇంత మీద నీళ్లుండెనా, అక్కా?”
కింద రెండు కోసుల అవతల
నది, గోటితోని గీకినంత సన్నగ.
ఎవ్వలం మాట్లాడలేదు.
పలకను బోర్లేసి పక్కది విరుచుకున్నం.

ఆ ముక్కతోనే మూడో గూడెంల పదిహేడిండ్లు రాసిన.
సర్కారు సుద్దకన్నా మంచిగ పడ్డది.
పిల్లగాండ్లు నోరు తెరిచినప్పుడల్లా
ఆ పలక యాదికొచ్చింది.

మూడుకూ నాలుగుకూ నడుమ
రాళ్లు నిలబడి ఉంటయి.
మనిషెత్తువి, మోకాలెత్తువి, ఒరిగిపోయి ఒకదానికొకటి ఆనుకున్నయి.
జూరు చెప్పులు విడిచిండు. నేనూ.
మాడియాల ఏదో చెప్పిండు వాటికి, ఎక్కువేం కాదు,
పనిమీద పోతున్నమన్నంత.
“ఈ పక్కయి మావోళ్లవి. ఆ పక్కయి ఎవలవో.
ఎరుకలేకున్నా కల్లు పోస్తం.”

చివరన అరచేతంత రాయి.
అడగొద్దనుకుంటనే అడిగిన.
“మా అక్క బిడ్డది. పేరు పెట్టకముందే పోయింది.
గంత చిన్నోళ్లకు రాయి పెట్టరు. మా అక్క వినలే.”
“ఏ ఏడు?”
“వాగు పొంగిన ఏడు.”

ఆ ఏడు నేను సగం చుట్టుల మర్లిపోయిన.
రిజిస్టర్ల నా చేతిరాతే ఉంది:
వాగు. నాలుగో గూడెం మిగిలింది.
ఏం జబ్బో అడగలేదు.
చేతిల సుద్దరాయి చెమటకు తడిసింది.
ఈ రాయికి ‘పి’ రాయలేను,
‘ఇంటూ’ రాయలేను.
జూరు డబ్బా మూత తట్టిండు.
“ఐసు కరుగుతుంది, పా.”

నాలుగో గూడెంల వాళ్లక్క, చంకల కొత్త పిల్ల.
పిల్ల పెదవులు బిగబట్టింది, ఉమ్మేసింది,
మల్ల రెండు చుక్కలు.
చిటికెన వేలుకు సిరా.
గోడ మీద ‘పి’ రాస్తే కాడ పొడుగైపోయింది,
కింద అలుకు దాకా.
ఆమె దాన్నీ నన్నూ చూసి
ముంతల నీళ్లిచ్చింది.

పొద్దుగూకినంక డబ్బా నీళ్లు గుమ్మం పక్కన ఒంపిన.
సబ్బు పెట్టినా గోళ్ల సందున తెలుపు పోలేదు.
తాళం చేతుల పట్టుకొని తిరిగి చూస్తే
గుట్ట
ఇంకా ఎడమ చేతి దిక్కే ఉంది.