తడి చేత్తో నొక్కగలిగేది

డాబాగార్డెన్స్‌లో రెండో అంతస్తు కొట్టు.
కుర్రాడు నా మణికట్టుకి ఒకదాని తర్వాత ఒకటి
ఆరు గడియారాలు కట్టి విప్పాడు.
ఇది గుండె లెక్కపెడుతుంది మేడం,
ఇది నిద్ర లెక్కపెడుతుంది,
ఇది నెత్తుట్లో గాలి ఎంతుందో చెబుతుంది.
ఇరవై ఒక్క రోజుల చార్జింగు, ఎండలో తిరిగితే ఇంకా ఎక్కువ.
ఒకటైతే, నేను కూచుని చాలాసేపైందని
లేచి నడవమని అక్కడికక్కడే వణికింది.

నడక నాకు తెలుసు బాబూ.
నడవలేనప్పుడు పనికొచ్చేది చూపించు.

అప్పుడు తీశాడు సొరుగులోంచి ఒక బొమ్మల కాగితం.
నారింజ రంగు పెట్టె, సబ్బుబిళ్ళంత, పొట్టి యాంటెన్నా.
టవరుతో పనిలేదు, సూటిగా ఉపగ్రహంతోనే మాట.
కాకపోతే పర్మిషన్ కాగితాలు కావాలి, అన్నాడు
కావాలి అన్నమాటని కాస్త సాగదీసి.


ఫిషింగ్ హార్బర్‌లో ఎల్లాజీని అడిగాను.
వలకి బెండ్లు కడుతూ, తలెత్తకుండానే
బోటు కేబిన్ మీద తెల్ల డబ్బా వైపు గెడ్డం చూపించాడు.
"డాల్ఫిన్ నోస్ దాటి కొంచెం పోతే ఫోను సచ్చిపోద్ది.
లైట్‌హౌసు మునిగిపోనాక ఇదే మనకి దిక్కు.
ఏటి కొనాల అంటే నానొకటే సెప్తానమ్మా.
అద్దం మీద ఏలు రాసేది వొద్దు.
బొత్తాం ఉండాల.
తడి సేత్తో, సీకట్లో, ఒణుకుతా
నొక్కగలిగిందే కొను.
మిగతాయన్నీ పెళ్ళిళ్ళకి ఎట్టుకెళ్ళడానికి."


కాగితాలకి ఐదు నెలలు పట్టింది.
ఎందుకు అన్న గడిలో 'కొండలెక్కడానికి' అని రాశాను.
గడి చిన్నది.

పోయిన కార్తీకం కాదు, ఆ ముందు ఏడు,
పాడేరు పైన వలిసెలు పసుప్పచ్చగా విచ్చుకున్న రోజులు.
మంచు.
నూకరత్నం బూటు తాడు తెగింది.
నువ్వు పద, ముడేసుకుని వస్తా అంది.
పదమంది కదా అని పోయాను.
గట్టెక్కాక ఈల వినిపించింది. మూడుసార్లు.
ఆగి, మళ్ళీ మూడుసార్లు.
ఏదో పిట్ట అనుకున్నాను.
ఇంతకుముందు వినని పిట్ట అని
ఫోన్లో రికార్డు కూడా చేశాను.

తెల్లారి దొరికింది,
చీలమండ విరిగి, ఒక్క మాటా అనకుండా.
అననందుకే ఆమె ముందు నిలబడలేకపోయాను.
ఫోను చెయ్యడం మానేసింది నేనే.
నలభై సెకన్ల ఆ పిట్ట ఇంకా నా దగ్గరే ఉంది.


పెట్టె వచ్చింది.
మూడు వాక్యాలు ముందే రాసి దాచుకోవాలట
ఒక్క నొక్కుతో పోయేలా.
తెలుగు అక్షరాలు లేవు దాన్లో, ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు.
ఒకటి: బాగున్నాను.
రెండు: ఆలస్యమవుతుంది, కంగారుపడొద్దు.
మూడోదాని దగ్గర ఎంతసేపు కూచున్నానో,
కొననంటూనే కొన్న గడియారం
లేచి నడవమని వణికింది.
మూడు: ఈల వేస్తున్నాను, రా.

ఎవరికి, అని అడిగింది పెట్టె.
తమ్ముడి నంబరు వెతకాల్సొచ్చింది.
ఈ నంబరు మాత్రం వేళ్ళకే తెలుసు.

అక్కయ్యపాలెం మేడ మీద
పక్కింటి నీళ్ళ ట్యాంకు అడ్డం లేని మూల చూసి నిలబడ్డాను.
దూరంగా సముద్రం మీద
పోర్టులోకి వంతు రాని ఓడలు దీపాలేసుకుని ఆగి ఉన్నాయి.
'పరీక్ష మాత్రమే. నేనే.'
అని పంపించాను.

పదకొండు నిమిషాలు.
సింహాచలం కొండ వెనకనించి ఏ ఉపగ్రహమో పైకి రావాలి కాబోలు.
కింద ఎవరో స్కూటర్ స్టార్టు చేస్తున్నారు, అవదు, మళ్ళీ చేస్తున్నారు.

పెట్టె ఒకసారి కుయ్యిమంది.
'ఈసారి పిట్ట కాదు కదా?'

కాదు, అని కొట్టడానికి
ఒక్కో అక్షరం వెతుక్కోవాలి.
చెంగుకి చెయ్యి తుడుచుకున్నాను, అయినా తడే.
ఎల్లాజీ మాట నిజమే.
బొత్తాం పడింది.